బాపును అసిస్టెడ్ లివింగ్‌లో చేర్చొచ్చా?

ప్రశ్న: మా బాపుకు 78 ఏళ్లు. అమ్మ పోయినప్పటి నుంచి నర్సంపేట దగ్గర మా ఊళ్లో ఒక్కరే ఉంటున్నారు. షుగర్‌కు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్, ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వాడుతున్నారు. ఈ మధ్య రెండుసార్లు తెల్లవారుజామున బాత్రూంకు లేచి పడ్డారు. అదృష్టం, ఎముక విరగలేదు. నేను హైదరాబాద్‌లో, తమ్ముడు అమెరికాలో ఉంటాం. అసిస్టెడ్ లివింగ్‌లో (పెద్దవాళ్లకు రోజువారీ పనుల్లో సాయం చేసే వసతిలో) చేర్పిద్దామంటే చుట్టాలు ‘ఆశ్రమంలో పడేస్తరా’ అంటున్నారు. ఆరోగ్యపరంగా దాంతో లాభం ఉంటుందా? – ఒక పాఠకురాలు

జవాబు: లాభం ఉంటుందమ్మా. కానీ ఆయన ఎందుకు పడ్డారో ముందు తేలాలి. అది తేలకుండా ఎక్కడికి మార్చినా అక్కడి బాత్రూంలోనూ పడతారు.

మీరు రాసిన మందుల్లోనే నాకు రెండు అనుమానాలున్నాయి. మొదటిది గ్లిమెపిరైడ్. మనిషి తిన్నా తినకపోయినా ఇది ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు రాత్రికి వండుకోబుద్ధి కాక రెండు ముద్దలు మజ్జిగన్నం తిని పడుకుంటారు, మాత్ర మాత్రం మరిచిపోరు. అలాంటప్పుడు తెల్లవారేలోపు షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. కిడ్నీల పనితీరు తగ్గి ఉంటే మందు ప్రభావం ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. షుగర్ పడిపోయినప్పటి చెమటలు, వణుకు అందరిలో కనిపించవు. కొందరు కాస్త తికమకపడి, తూలి పడిపోతారు. అందుకని మీరు ఊరికి వెళ్లినప్పుడు వరుసగా మూడు నాలుగు రాత్రులు 3 గంటలకు గ్లూకోమీటర్‌తో షుగర్ చూడండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలు చేయించండి. ఈ వయసులో, ఇన్ని మందుల మధ్య, హెచ్‌బీఏ1సీ 8 లోపు ఉంటే చాలు. దాన్ని ఆరున్నరకు లాగబోతే మేలు కంటే కీడే ఎక్కువ.

రెండోది టామ్సులోసిన్. ఇది ప్రోస్టేట్ దగ్గరి కండరాలతో పాటు రక్తనాళాలనూ కొంత వదులు చేస్తుంది. పైన బీపీ మందు కూడా ఉంది కాబట్టి పడుకున్న మనిషి గబుక్కున లేస్తే తల తిరుగుతుంది. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. లేచి నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే కారణం దొరికినట్టే. తూలి పడటానికి ఇవీ కారణం కావచ్చు కాబట్టి రక్తంలో సోడియం, విటమిన్ బీ12, కంటి శుక్లాలు కూడా చూపించండి. నిద్రమాత్రలు ఏమైనా వాడుతున్నారేమో అడగండి. ఈ రిపోర్టులన్నీ డాక్టర్‌కు చూపించి మందులు సరిచేయించాలి, మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు.

ఇక అసిస్టెడ్ లివింగ్ సంగతి. అది ఆసుపత్రి కాదు. ఎవరి గది వాళ్లకుంటుంది. స్నానం, బట్టలు, మాత్రలు, భోజనం, నడక, వీటిలో తమ వల్ల కాని పనికి మాత్రమే ఒక మనిషి సాయం చేస్తారు. మీ బాపుకు ఎక్కువ ప్రయోజనం అన్నం, మాత్ర ఒకే చేతి మీదుగా అందడంలో ఉంది. పళ్లెంలో అన్నం అలాగే మిగిలిందని చూసిన మనిషే ఆ పూట షుగర్ మాత్ర ఇవ్వాలా వద్దా అని నర్సును అడగగలరు. ఇంటి దగ్గర ఆ చూసే కన్ను లేదు. నలుగురితో కూర్చుంటే తిండి కూడా పెరుగుతుంది. భార్య పోయాక చాలామంది మగవాళ్లు చిక్కిపోవడానికి ఒంటరి భోజనం కూడా ఒక కారణం.

కాబట్టి చుట్టాల మాటకు బాధపడకండి. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక చేర్పించడం కంటే, తన కాళ్లమీద తాను నడిచి వెళ్లగలిగినప్పుడు చేర్పించడమే మంచిది. అయితే నిర్ణయం మాత్రం ఆయనదే కావాలి. ముందు ఒక నెల ఉండి చూద్దామని చెప్పండి, ఊళ్లో ఇల్లు అలాగే ఉంచండి.

చేర్పించే చోటు చూడటానికి వెళ్తే సాయంత్రం ఏడు తర్వాత, చెప్పకుండా వెళ్లండి. పగటి సిబ్బంది వెళ్లిపోయాక ఎందరు మిగులుతారో అప్పుడు తెలుస్తుంది. రాత్రి రెండింటికి బెల్ కొడితే ఎవరొస్తారు, వాళ్లు మెలకువగా ఉంటారా అని సూటిగా అడగండి. మంచం నుంచి టాయిలెట్ దాకా మీరే నడిచి చూడండి. మధ్యలో గడప ఉండొద్దు. రాత్రంతా చిన్న లైటు వెలగాలి, నేల తడిగా ఉండొద్దు. కమోడ్ 17 నుంచి 19 అంగుళాల ఎత్తుండాలి. పక్కన పట్టుకుని లేవడానికి గోడకు బిగించిన కడ్డీ ఉండాలి. టవల్ రాడ్ బరువు ఆపదు, ఊడొస్తుంది. మంచాన పడితే ఉంచుకుంటారా, తీసుకెళ్లమంటారా అన్నది కాగితం మీద రాయించుకోండి. చాలా వృద్ధాశ్రమాలు తన పని తాను చేసుకునేవాళ్లనే ఉంచుకుంటాయి. చాలా కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే.

హైదరాబాద్ అయితే మీకు దగ్గర. కానీ హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల మంచిది దొరికితే దానికే నా ఓటు. ఊరివాళ్లు వచ్చి పలకరిస్తారు, పండక్కి ఊరికి తీసుకెళ్లొచ్చు, జొన్నరొట్టె, పచ్చిపులుసు దొరుకుతాయి. అత్యవసరమైతే వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి దగ్గరే. వృద్ధుల కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14567 ఉంది, సమాచారానికి ఫోన్ చేయండి.

చేర్పించే ముందు ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోమనండి. 12 సెకన్లు దాటితే పడే ముప్పు ఎక్కువ. అప్పుడు ఫిజియోథెరపీ దొరికే చోటే చూడండి. తొడ కండరాలకు రోజూ వ్యాయామం లేకుండా ఒట్టి కడ్డీలతో పడటం ఆగదు.

చేరిన కొత్తలో కొన్ని వారాలు దిగులుగా ఉండటం సహజం. కానీ నెలలో బరువు 5 శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 57కు వస్తే, బెంగ అని సరిపెట్టుకోకుండా డాక్టర్‌కు చూపించండి. అక్కడ వేళకు తిండి, మాత్రలు అందుతుంటే బీపీ, షుగర్ అంకెలు మారతాయి కాబట్టి రెండో వారంలోనే మందుల మోతాదు మళ్లీ చూపించుకోవాలి.