సగం బతికి ఉన్న సూది

అమ్మలూ,

పైలట్‌గా లైన్ ట్రైనింగ్ అయిపోయిందనీ, ఇక పొగమంచులో నిజమైన ప్యాసింజర్లతో దిగాలంటే టెన్షన్‌గా ఉందనీ రాశావు. పొగమంచు సంగతి సిమ్యులేటర్లో బాగానే నేర్పి ఉంటారు. నేను చెప్పదలచుకున్నది వేరు. వాతావరణం బాగాలేని రోజే విమానంలోనో, రన్‌వే పక్కనో ఏదో ఒకటి పనిచెయ్యదు చూడు, ఆ రోజు గురించి. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒక్కటే. పూర్తిగా పోయిన పరికరంతో పెద్ద ఇబ్బంది లేదు, దాన్ని ఎవరూ నమ్మరు కాబట్టి. సగం బతికి ఉన్నదే ముంచుతుంది.

టెక్ లాగ్‌లో, అంటే విమానం లోపాలు రాసే పుస్తకంలో, వాయిదా వేసిన స్నాగ్ (లోపం) కనిపించగానే ఎంఈఎల్, అంటే ఏది పనిచెయ్యకపోయినా ఏ షరతుల మీద ఎగరొచ్చో చెప్పే జాబితా, తీసి, ఆ ఐటెమ్ కింద రాసిన షరతులు మొత్తం చదువు. బి కేటగిరీ అయితే 3 రోజులు, సి అయితే 10 రోజులు అనే రిపేరు గడువు ఇంజనీర్ల తలనొప్పి. నీకు కావలసింది ఆ షరతులు.

నేను ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్‌గా) ఉన్నప్పుడు ఒకసారి నా వైపు వైపర్ పనిచెయ్యని విమానం ఇచ్చారు. దిగేచోట వాన ఉండకూడదన్నది షరతు. ఫోర్‌కాస్ట్‌లో వాన లేదు. తీరా మేం చేరేసరికి రన్‌వే మీద కుండపోత. కెప్టెన్ వైపు వైపర్ బాగానే ఉంది, దింపేది కూడా ఆయనే కదా అని నేను మనసులో లెక్క వేసుకుంటున్నాను. ఆయన వేలితో నా అద్దం చూపించి, "నాకేదైనా అయితే దింపాల్సింది నువ్వు. అందులోంచి నీకేం కనిపిస్తోంది?" అన్నారు. నీళ్ల తెర వెనక బూడిదరంగు తప్ప ఏమీ కనిపించలేదు. దూరంగా హోల్డ్ చేసి, అంటే గాల్లోనే చక్కర్లు కొట్టి, వాన వెళ్లిపోయాక దిగాం. బయల్దేరేటప్పుడు ఆయన ఇంధనం ఎక్కువ పట్టించారు. ఎందుకని అడిగితే "వైపర్ కోసం" అన్నారు. అప్పుడు నాకు నవ్వొచ్చింది.

పోయిన పరికరం తనతో పాటు ఇంకేం పట్టుకుపోయిందో కూడా చూసుకో. ఒక రేడియో ఆల్టిమీటరో (కింద నేల ఎంత దూరంలో ఉందో చూపేది), ఒక ఆటోపైలటో లేకపోతే విమానం ఎగరడానికి అభ్యంతరం ఉండకపోవచ్చు. కానీ క్యాట్ త్రీ సామర్థ్యం, అంటే దట్టమైన పొగమంచులో దిగే సామర్థ్యం, తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగా పోతుంది. క్యాట్ వన్‌కి పడిపోయావంటే డెసిషన్ హైట్ (దిగాలా వద్దా తేల్చుకునే ఎత్తు) 200 అడుగులు, ఆర్‌వీఆర్ (రన్‌వే మీద ఎంత దూరం కనిపిస్తుందో ఆ కొలత) కనీసం 550 మీటర్లు కావాలి. అక్కడ 300 ఉందంటే నీ పక్క విమానం దిగుతుంది, నువ్వు దిగలేవు. ఈ సంగతి క్రూయిజ్‌లో ఉండగానే తేల్చుకుని, ఆల్టర్నేట్ (అక్కడ దిగలేకపోతే వెళ్లే విమానాశ్రయం) వాతావరణాన్ని కూడా ఆ లెక్కతోనే చూడు. రెండు స్నాగులుంటే ఇంకా జాగ్రత్త. విడివిడిగా రెండిటికీ ఎంఈఎల్ ఒప్పుకుంటుంది. రెండూ కలిస్తే ఏమవుతుందో ఆలోచించాల్సింది మాత్రం మీరిద్దరే.

నేల మీద పరికరాల సంగతైతే మనవాళ్లు మరీ తేలిగ్గా తీసుకుంటారు. రన్‌వేకి దారి చూపే అప్రోచ్ లైట్లు వెలగకపోతే కావలసిన ఆర్‌వీఆర్ పెరుగుతుంది. దాని పట్టిక మాన్యువల్‌లోనే ఉంటుంది, చూసేవాళ్లే తక్కువ.

1997 ఆగస్టు 6న గ్వామ్ దీవిలో జరిగిన విమాన ప్రమాదం గురించి నువ్వు చదివే ఉంటావు. గ్లైడ్‌స్లోప్ (ఏటవాలుగా దిగే దారిని కాక్‌పిట్‌లో సూదితో చూపించే రేడియో సంకేతం) ఆపేశారు, నోటమ్ (పైలట్లకిచ్చే ముందస్తు నోటీసు) ఉంది, కంట్రోలర్ కూడా క్లియరెన్స్‌లోనే గ్లైడ్‌స్లోప్ వాడటానికి లేదని చెప్పాడు. అయినా రాత్రివేళ, వానలో, కాక్‌పిట్‌లో పనిచేస్తోందని ఒకరు, వాడకూడదని ఒకరు మాట్లాడుకుంటూ దిగారు. దానికి తోడు దూరం చూపించే డీఎంఈ విమానాశ్రయంలో కాకుండా 3 మైళ్లకు పైగా ఇవతల కొండ మీద ఉంది. విమానం ఆ కొండకే తగిలింది. 228 మంది పోయారు. గ్లైడ్‌స్లోప్ లేకుండా దిగడం కష్టమైన విద్యేం కాదు, రన్‌వే వరుస మాత్రమే చూపే లోకలైజర్‌తో దిగే అప్రోచ్ మనందరికీ వచ్చు. లేనిదాని గురించి మనసులో ఓ మూల ఆశ మిగిలిపోవడమే అక్కడి చిక్కు.

అందుకని నా అలవాటు ఒకటి చెబుతాను, నచ్చితే తీసుకో. వాడకూడని మినిమా (దిగడానికి కావలసిన కనీస ఎత్తు, దూరాల అంకెలు) మీద చార్టులో అడ్డంగా గీత కొడతాను. ట్యాబ్లెట్ వచ్చాక వేలితో కొడుతున్నాను. బ్రీఫింగ్‌లో "గ్లైడ్‌స్లోప్ లేదు, సూది కదిలినా చూడం, ఫలానా దూరంలో ఫలానా ఎత్తు" అని పైకి చెప్పి, పక్కవాళ్ల చేత కూడా అనిపిస్తాను. కొందరు కెప్టెన్లకు ఇది చాదస్తంగా కనిపిస్తుంది. కనిపించనీ.

అసలు స్నాగ్ అని ఎవరూ రాయనిది ఇంకా కష్టం. 2009 ఫిబ్రవరి 25న ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగుతున్న 737లో ఎడమ రేడియో ఆల్టిమీటర్, 1950 అడుగుల ఎత్తులో ఉండగా మైనస్ 8 అడుగులు చూపించింది. నేల వచ్చేసిందనుకుని, ఇంజన్ల పవర్‌ని తనే సర్దే ఆటోథ్రాటిల్ పవర్ మొత్తం తగ్గించేసింది. గ్లైడ్‌స్లోప్‌ని పైనుంచి పట్టుకుంటున్నారు కాబట్టి పవర్ తక్కువగా ఉండటం ఎవరికీ వింతగా తోచలేదు. స్పీడ్ కరిగిపోయింది, 9 మంది చనిపోయారు. అలాంటి తప్పుడు రీడింగులు అంతకుముందు కూడా వచ్చాయి, చాలామంది రాయలేదు. కాబట్టి ఏ అంకె వింతగా కనిపించినా, నువ్వు జూనియర్‌వైనా సరే, "సర్, ఎడమ రేడియో ఆల్టిమీటర్ తప్పు చూపిస్తోంది, ఆటోథ్రాటిల్ దాన్నే వింటుందా?" అని అడిగెయ్యి. రెండో వాక్యమే ముఖ్యం. తప్పు చూపిస్తోందని అందరూ చెబుతారు.

అప్రోచ్ మధ్యలో ఏదైనా పోతే చాలా కంపెనీల్లో 1000 అడుగులే గీత. పైన ఉండగా పోతే, టైమ్ ఉంటే, కింది కేటగిరీ మినిమాకి మారి, మళ్లీ బ్రీఫ్ చేసుకుని కొనసాగొచ్చు. కింద పోతే, రన్‌వే స్పష్టంగా కనిపిస్తే తప్ప గో-అరౌండ్, అంటే దిగడం ఆపి మళ్లీ పైకి. అక్కడ చెక్‌లిస్ట్ తియ్యకు, రీసెట్‌లు చెయ్యకు. ముందు పైకి వెళ్లు. స్నాగ్ ఏమిటో పైన తీరిగ్గా చూసుకోవచ్చు.

దిగాక టెక్ లాగ్‌లో "రేడియో ఆల్టిమీటర్ పనిచెయ్యలేదు" అని మూడు ముక్కలు రాసి వెళ్లిపోకు. ఎడమదా కుడిదా, ఎంత ఎత్తులో, ఏ అంకె చూపింది, ఎంతసేపు, మళ్లీ దానంతటదే బాగైందా, అన్నీ రాయి. దానంతటదే బాగైనది మరీ వివరంగా రాయి. ఇంజనీర్ పరీక్షించేసరికి అది మామూలుగానే ఉంటుంది, అతని చేతిలో ఉండేది నీ రాతే.

వచ్చే వారం సిమ్యులేటర్ ఉందన్నావుగా. చివర్లో పది నిమిషాలు మిగిలితే రేడియో ఆల్టిమీటర్‌ని ఒకసారి 1200 అడుగుల దగ్గర, ఒకసారి 700 దగ్గర ఫెయిల్ చెయ్యమని ఇన్‌స్ట్రక్టర్‌ని అడుగు. పూర్తిగా ఆపెయ్యకుండా తప్పు అంకె చూపించమను. ఎలా జరిగిందో రాయి.

మీ మావయ్య