ముందు ఉత్త జీఎఫ్‌పీ డిష్ పెట్టు

అమ్మలూ,

నువ్వు పంపిన వీడియో చూశాను. కాల్షియం పెరిగితే వెలిగే జీక్యాంప్ ప్రోటీన్ పెట్టిన న్యూరాన్లు మిణుగురుల్లా మెరుస్తుంటే మీ గైడ్ మురిసిపోయారని రాశావు. బాగానే ఉంది కానీ, ఎడమ మూలన ఉన్న ఆ రెండు కణాలను ఇంకోసారి చూడు. నల్లగా ఉండాల్సిన న్యూక్లియస్ కూడా నిండుగా వెలుగుతోంది. అవి జబ్బుపడ్డ కణాలు, లెక్కలోంచి తీసెయ్. ఆ ప్రోటీన్ జన్యువును కణాల్లోకి మోసుకెళ్లే వైరస్ ఎక్కువ పోసి ఉంటావు, లేదంటే ఎక్కువ రోజులు ఉంచి ఉంటావు.

ఎక్కువైతే ఏమవుతుందో నీకు తెలియాలి. జెల్లీఫిష్ నుంచి వచ్చిన, ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ జీఎఫ్‌పీని మధ్యలో కోసి, పాత కొసలు రెంటినీ కలిపేసి, కొత్త కొసల్లో ఒకదానికి కాల్షియాన్ని పట్టే కాల్‌మాడ్యులిన్ ప్రోటీన్‌నీ రెండోదానికి ఎం13 అనే ప్రోటీన్ ముక్కనీ అతికిస్తే జీక్యాంప్. జపాన్‌లో నకాయ్ బృందం 2001లో చేసింది మొదటిది. కాల్షియం అందగానే కాల్‌మాడ్యులిన్ ఎం13ను చుట్టుకుంటుంది, వెలుగు పెరుగుతుంది. అంటే ఈ ప్రోటీన్ కాల్షియాన్ని చూసి ఊరుకునేది కాదు, పట్టుకునేది. మోతాదు మించితే కణం వాడుకోవాల్సిన కాల్షియాన్ని అదే కాజేస్తుంది.

నా సంగతొకటి చెప్తాను. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో నా కణాలన్నీ పది నిమిషాలకోసారి ఒకేసారి మెరిసేవి. మూడు వారాలు గ్రాఫులు గీసి, ల్యాబ్ మీటింగ్‌లో గొప్పగా చూపించాను. సీనియర్ ఒకాయన, "ఉత్త జీఎఫ్‌పీ కణాలు పెట్టి చూశావా?" అని ఒక్క మాట అడిగారు. పెట్టాను. కాల్షియం ఊసే తెలియని ఆ కణాలూ పది నిమిషాలకోసారి మెరిశాయి! తీరా చూస్తే గదిలో ఏసీ ఆన్ అయినప్పుడల్లా మైక్రోస్కోప్ స్టేజ్ చల్లబడి ఫోకస్ పక్కకు జరిగిపోతోంది. అందుకే సోమవారం నీ మొదటి డిష్ ఆ ఉత్త జీఎఫ్‌పీదే. ఆఖర్న నీ జీక్యాంప్ కణాల మీద, లోపలికి కాల్షియాన్ని పంపే అయొనోమైసిన్ వేసి చూడు, అప్పుడూ వెలగని కణం దేనికీ పనికిరాదు.

లేజర్ ఎంత తగ్గిస్తే అంత మంచిది. కణాలుండే ద్రవం (మీడియం) ఫినాల్ రెడ్ అనే రంగు లేనిది వాడు. జీక్యాంప్‌లో 6ఎస్ రకం వెలుగు ఆరడానికి అర సెకను పైనే పడుతుంది, స్పైక్ (న్యూరాన్ విద్యుత్ సంకేతం) ఏమో మిల్లీసెకను పని. కాబట్టి ఒక్క మెరుపును ఒక్క స్పైక్ అని రాయకు.

కణంలో జరిగినదాన్ని నమోదు చేసే, 2023లో ఎంఐటీ వాళ్ల ప్రోటీన్ గొలుసు గురించి అడిగావు కదా. అది కణంలో రోజుల తరబడి రెండు కొసలా పెరుగుతుంది. మామూలుగా హెచ్‌ఏ అనే గుర్తు (ట్యాగ్) ఉన్న ముక్కలు చేరుతుంటాయి, న్యూరాన్ చురుగ్గా ఉండి సీ-ఫాస్ జన్యువు స్విచ్ (ప్రమోటర్) మేలుకుంటే వీ5 అనే మరో గుర్తున్న ముక్కలూ కలుస్తాయి. చివర్లో కణాన్ని రసాయనంతో కదలకుండా స్థిరపరిచి (ఫిక్స్ చేసి), యాంటీబాడీలతో రంగులు వేసి, చెట్టు మానులో వలయాల్లా చదువుకోవడమే. నాకూ ముచ్చటేసింది. కానీ అది గంటలు, రోజుల లెక్క చెప్పేది, నీ ప్రశ్న సెకన్లది. పైగా ఫిక్స్ చేశాక ఆ కణాన్ని మళ్లీ బతికించి చూడలేవు. అది మరో ప్రాజెక్టుకు దాచుకో.

అత్తయ్య పంపిన సున్నుండలు అందాయా? తిన్నాక చేతులు సబ్బుతో కడుక్కుని మరీ ఆబ్జెక్టివ్ ముట్టుకో, ఆ నెయ్యి లెన్స్‌కు అంటిందంటే వదలదు.

మీ మామయ్య