సముద్రపు చేపల ట్యాంకు: మందు వేసే ముందు అమ్మోనియా చూడండి

ప్రశ్న: నేను వెన్నమి రొయ్యల రైతును. ఇంటి వరండాలో 200 లీటర్ల గాజు ట్యాంకు పెట్టి, కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోటు నుంచి నీరు తెచ్చి పోశాను. సెలైనిటీ (ఉప్పదనం) వెయ్యికి 27 పాళ్లు, పీహెచ్ 8.2 ఉన్నాయి. వలలో పడిన పగడపు రాళ్లు కొన్ని అడుగున పేర్చాను. నాలుగో రోజు ఆరు క్లౌన్ చేపలు వదిలితే వారంలో నాలుగు చనిపోయాయి. మిగిలినవి నీటిపైకి వచ్చి నోరు తెరుస్తున్నాయి, మొప్పలు ఎర్రగా ఉన్నాయి. ఒంటిపై మచ్చలు కనిపించలేదు గాని ఇది తెల్లమచ్చ వైరస్ అనుకుంటున్నాను. దుకాణంలో ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్, ప్రోబయోటిక్ (మేలు చేసే బాక్టీరియా పొడి), అమ్మోనియాను పీల్చుతుందంటూ జియోలైట్ ఖనిజపు పొడి ఇచ్చారు. ఏది ఎంత వేయాలి?
– ఒక రైతు, గార మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మూడూ వేయకండి. రొయ్యల తెల్లమచ్చ వైరస్ చేపలకు రాదు. సముద్రపు చేపలకు వచ్చే తెల్లమచ్చ వేరు, అది ఒక పరాన్నజీవి పని. ఈ రెండింటిలో దేనిమీదా యాంటీబయోటిక్ పనిచేయదు. పైగా మచ్చలే లేవని మీరే రాశారు. మీ చేపలను చంపింది చాలావరకు అమ్మోనియా. సెలైనిటీ, పీహెచ్ చూసుకున్న మీరు అమ్మోనియా మాత్రం చూడలేదు. చెరువులో వారం వారం పరీక్ష చేయించే రైతు ఇంట్లో ట్యాంకుకు వచ్చేసరికి నీరు తేటగా ఉంటే చాలనుకుంటే ఎలా?

కొత్త ట్యాంకులో చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఇంకా ఉండదు. అది కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీరు నాలుగు రోజులే ఆగారు. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం లోపే. పీహెచ్ 8.2, వేడి 28 డిగ్రీలు ఉన్న సముద్రపు నీటిలో అది సుమారు 8 శాతం. అందుకే మంచినీటి చేపల తొట్టిలో చెల్లిపోయే తొందర ఇక్కడ చెల్లదు.

రెండో తప్పు ఆ రాళ్లు. పడవలో ఎండిన రాయి లోపల స్పాంజీలు, పురుగులు చచ్చి ట్యాంకులో కుళ్లుతాయి. మీరు చేపలు వదలక ముందే అమ్మోనియా మొదలై ఉంటుంది. అంతకంటే ముఖ్యం, రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రం నుంచి తీయడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడం నేరం. అటవీశాఖకు తెలియజేసి అప్పగించండి. వాటి బదులు సిరామిక్ రింగులు, కడిగి బాగా ఎండబెట్టిన ఆలిచిప్పలు వాడండి, బాక్టీరియాకు అవి చాలు.

బతికున్న రెండు చేపల సంగతి ఈరోజే చూడండి. 50 లీటర్ల టబ్బులో అదే సెలైనిటీ, అదే వేడి ఉన్న కొత్త సముద్రపు నీరు పోసి, ఏరేటర్ పెట్టి వాటిని మార్చండి. ఒకరోజు మేత ఆపండి. ఆ తరువాత రెండు నిమిషాల్లో తినేంతే వేయండి. రోజూ సగం నీరు మార్చాలి. ట్యాంకు సిద్ధమయ్యేదాకా అవి అక్కడే ఉండాలి.

ట్యాంకు ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టండి. నీరు నది ముఖద్వారానికి దూరంగా, పోటు సమయంలో తీయండి. సెలైనిటీ 33–35 ఉండాలి. తగ్గితే నౌపడ ఉప్పు కలిపి పెంచే ఆలోచన చేయకండి, కళ్లుప్పులో కాల్షియం, మెగ్నీషియం సముద్రపు నీటి పాళ్లలో ఉండవు. అక్వేరియంల కోసమే అమ్మే సముద్ర లవణం వాడండి. వేడి 26–28 డిగ్రీలు, ఫిల్టరు, ఏరేటర్ రాత్రింబగళ్లు నడవాలి. లైటు వేయకండి, పాచి పడుతుంది.

ఇక బాక్టీరియాకు మేత. ల్యాబ్ గ్రేడు అమ్మోనియం క్లోరైడ్ 1.3 గ్రాములు గ్లాసు నీటిలో కరిగించి పోయండి. 200 లీటర్లలో అమ్మోనియా సుమారు 2 పీపీఎంకు (లీటరుకు 2 మిల్లీగ్రాములు) చేరుతుంది. ఇంట్లో ఉంది కదా అని యూరియా గాని, ఎరువుల అమ్మోనియం సల్ఫేట్ గాని వేయకండి. సముద్రపు నీటికి పనికొచ్చే కిట్‌తో రెండు రోజులకోసారి అమ్మోనియా, నైట్రైట్ చూసి కాగితం మీద రాసుకోండి. అమ్మోనియా 0.5 కంటే తగ్గినప్పుడే మళ్లీ అదే మోతాదు. 5 పీపీఎం దాటితే బాక్టీరియానే దెబ్బతింటుంది. నైట్రైట్ పెరిగి చాలా రోజులు నిలిచిపోతుంది, కంగారు పడి దేనికోసమూ దుకాణానికి పరుగెత్తకండి. ఈ మార్పుకు క్షారత (పీహెచ్ పడిపోకుండా కాపాడే గుణం) ఖర్చవుతుంది, 120 పీపీఎం కంటే తగ్గకుండా సోడియం బైకార్బొనేట్‌తో సరిచేయండి. 2 పీపీఎం వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే ట్యాంకు సిద్ధం. ఒక్కరోజు కూడా ముందు కాదు.

ఆ దుకాణం వారు ఇచ్చిన జియోలైట్ గురించి ఒక మాట. ఉప్పునీటిలో సోడియం అడ్డుపడి అది అమ్మోనియాను దాదాపు పట్టుకోదు. మీ చెరువుకైనా ఇదే వర్తిస్తుంది, ఎన్ని బస్తాలు కొన్నారో మీకే తెలియాలి! చెరువుల్లో వాడే బాసిల్లస్ ప్రోబయోటిక్ అడుగు మట్టిలోని కుళ్లును తింటుంది, అమ్మోనియాను నైట్రేట్ చేయదు. ఆక్సీటెట్రాసైక్లిన్ వేస్తే మీరు ఆరు వారాలు పెంచబోయే బాక్టీరియానే దెబ్బతింటుంది. ఏ జబ్బో చూడకుండా, నీరు పరీక్షించకుండా మూడు డబ్బాలు చేతిలో పెట్టినవారి సలహాకు మిగిలిన రెండు చేపలను బలిపెట్టకండి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేయమని కూడా ఎవరైనా చెబుతారు. రొయ్యలు, నత్తల వంటివి ఉండబోయే ట్యాంకులో రాగి వేయకూడదు, అది చిప్పల్లో చేరి తరువాత కూడా విడుదలవుతూ ఉంటుంది.

సిద్ధమయ్యాక సగానికి పైగా నీరు మార్చి, టబ్బులోని రెండు చేపలను వదలండి. రెండు వారాలు అమ్మోనియా సున్నా దగ్గరే ఉంటేనే కొత్త జత తీసుకోండి. హేచరీలో పుట్టిన పిల్లలనే అడగండి. క్లౌన్ చేపల ప్రజననాన్ని మన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సాధించి చాలాకాలమైంది, వాటికోసం సముద్రంలో పట్టిన చేపలు కొనవలసిన పని లేదు. కొత్తవాటిని నాలుగు వారాలు విడిగా ఉంచి, మచ్చలు లేవని తేలాకే కలపండి. ఆవిరైన నీటికి బదులు ఆర్‌ఓ మంచినీరే పోయండి. సముద్రపు నీరు పోస్తూ పోతే సెలైనిటీ 40కి చేరుతుంది.