కుట్టు కబుర్లు: పట్టు గౌనుకి నర్సాపురం లేసు

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి డిసెంబర్‌లో, చర్చిలో. గౌను బయట ఇవ్వకుండా నేనూ మా తోడికోడలూ కలిసి ఇంట్లోనే కుడదామనుకుంటున్నాం. హాఫ్ వైట్ పట్టు 6 మీటర్లు తెచ్చాం, నర్సాపురం క్రోషే లేసు కూడా తీసుకున్నాం. ఇద్దరికీ జాకెట్లు, ఫ్రాకులు కుట్టడం వచ్చు గానీ పట్టు మీద లేసు ఎప్పుడూ వేయలేదు. మిషను మీదే వేసేయొచ్చా మేడమ్? - పాలకొల్లు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా, లేసు మాత్రం చేత్తోనే వేయండి. క్రోషే లేసు మందంగా, బరువుగా ఉంటుంది కదా, మిషను కింద పెడితే అది ఒక పక్కకి పట్టు ఇంకో పక్కకి జరిగి ముడతలు పడిపోతాయి, విప్పుదామంటే పట్టు మీద సూది రంధ్రాలు అలాగే కనిపిస్తాయి.

అసలు కత్తెర పట్టుకునే ముందే లేసుని నీళ్లలో నానబెట్టి, పిండకుండా టవల్ మీద పరిచి నీడలో ఆరబెట్టండి. అది నూలు దారం, తడిస్తే కొంచెం కుదించుకుపోతుంది, ఆ కుదింపు ఇప్పుడే అయిపోవాలి. హాఫ్ వైట్ పట్టు పక్కన తెల్ల లేసు కొట్టొచ్చినట్టు కనపడుతుందనుకుంటే పల్చటి టీ డికాక్షన్ చల్లార్చి అందులో ముంచొచ్చు, కానీ ముందు చిన్న ముక్క ముంచి ఆరాక పగటి వెలుతురులో చూడండి, ట్యూబ్‌లైట్ కింద రంగు తెలియదు.

కటింగ్ కూడా నేరుగా పట్టు మీద వద్దు. పాత కాటన్ చీరతో పైభాగం ట్రయల్ కుట్టి అమ్మాయికి వేసి చూసి, ఎక్కడ టైటో ఎక్కడ లూజో సరిచేశాకే పట్టు కోయండి. మిషనుకి కొత్త సన్న సూది, 9 గానీ 11 గానీ వేయండి. గుండుసూదులు కుట్టు లోపలికి పోయే అంచులోనే గుచ్చాలి. ఇస్త్రీ లోపలి వైపు నుంచి, పైన పల్చటి నూలు గుడ్డ వేసి, తక్కువ వేడి మీద చేయండి, నీళ్లు మాత్రం చల్లొద్దు, మరకలు పడతాయి.

ఇద్దరూ కలిసి అన్నారు కాబట్టి ఒక మాట. మిషను ఒక్కరే తొక్కండి, ఒక్కో చేతి కుట్టు ఒక్కోలా వస్తుంది, పొడుగు కుట్ల మీద ఆ తేడా తెలిసిపోతుంది. రెండోవాళ్లు టాకాలు, లైనింగ్, హెమింగ్ చూసుకోండి. లేసు దగ్గర ఇద్దరూ కూర్చోవచ్చు, గౌనుని బల్ల మీద పూర్తిగా పరుచుకుని, పట్టుతో పాటు లోపలి లైనింగ్‌ని కూడా కలిపి దగ్గర దగ్గరగా చిన్న కుట్లు వేయండి, బరువంతా పట్టు మీదే పడితే వేలాడిపోతుంది. కింద అంబ్రెల్లా కట్ అయితే ఒక రాత్రి హ్యాంగర్‌కి తగిలించి ఉంచండి, ఏటవాలుగా కోసిన చోట గుడ్డ దిగుతుంది. ఆ తర్వాతే అమ్మాయిని పెళ్లి చెప్పులతో నిలబెట్టి కింది అంచు గుర్తు పెట్టుకోండి.

(నర్సాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ప్రాంతపు ప్రత్యేకత అనే అధికారిక గుర్తింపు కూడా వచ్చింది, అంత చేతిపని మీద గ్లూ గన్ వాడే ఆలోచన ఉంటే మానేయండి!)

ప్రశ్న: లేసు కట్ చేస్తే అల్లిక ఊడిపోతోంది, ఏం చేయాలి? - భీమవరం పాఠకురాలు

జవాబు: కోసే గీతకి రెండు పక్కలా ముందే సన్న దారంతో చేత్తో గట్టిగా కుట్టేసి, అప్పుడు మధ్యలో కోయండి. మెడకీ చేతులకీ అయితే కోయడమే వద్దు, కొలత పేపరు మీద గీసి అల్లేవాళ్లకి ఇస్తే ఆ షేపులోనే అల్లిస్తారు.