ఒంటరిగా ఉండే పెద్దాయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్.. మనుషుల తోడు వల్ల చికిత్స ఫలితం మారుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 73 ఏళ్లు. అమ్మ పోయినప్పటి నుంచి నరసన్నపేట దగ్గర మా సొంతూళ్లో ఒక్కరే ఉంటున్నారు. ఈమధ్యే ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో దశలో ఉందని తేలింది. మూడు వారాలకోసారి విశాఖపట్నం వచ్చి కీమోథెరపీ చేయించుకుని మర్నాడే ఊరెళ్లిపోతున్నారు. మా ఇంట్లో ఉండమంటే అల్లుడింట్లో ఎన్నాళ్లుంటానంటారు. తమ్ముడిది హైదరాబాద్‌లో ఉద్యోగం. దగ్గర మనుషులుంటే జబ్బు విషయంలో నిజంగా తేడా ఉంటుందా, లేక అది మా తృప్తి కోసమేనా? జబ్బు పేరు ఆయనకు చెప్పవద్దని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మనుషుల తోడు కణితిని కరిగించదు. ఆ పని మందులు చేయాల్సిందే. అయితే మందులు సమయానికి, సరైన మోతాదులో, మధ్యలో ఆగిపోకుండా అందడమన్నది మీ నాన్నగారి వయసులో చాలావరకు పక్కనున్న మనుషుల మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, మీ ప్రశ్నకు నా సమాధానం ‘తేడా ఉంటుంది’ అనే. అమెరికాలో 2004–2008 మధ్య క్యాన్సర్ బయటపడిన 7 లక్షలకు పైగా రోగుల వివరాలతో 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, జీవిత భాగస్వామి ఉన్నవారితో పోలిస్తే లేనివారిలో జబ్బు బాగా పాకిన తర్వాతే బయటపడటం, పూర్తి చికిత్స అందకపోవడం, మరణాలు ఎక్కువగా కనిపించాయి. అందులో పరిశీలించిన పది రకాల క్యాన్సర్లలో ఊపిరితిత్తులదీ ఒకటి. ఇలాంటి పరిశీలనల్లో ఆదాయం, ఇతర జబ్బులు వంటి అంశాల ప్రభావమూ కలిసి ఉంటుంది కనుక అంతా తోడు మహిమేనని చెప్పలేం. కానీ తోడు ఎక్కడ పనిచేస్తుందో అవి స్పష్టంగానే చూపిస్తున్నాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, లక్షణం మొదలవగానే డాక్టరుకు తెలియడం. ఫ్రాన్స్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు వారం వారం తమ ఆయాసం, దగ్గు, బరువు, ఆకలి వంటి వివరాలను ఇంటర్నెట్‌లో నమోదు చేసేలా, తేడా కనబడితే వెంటనే డాక్టరుకు సమాచారం వెళ్లేలా ఒక ఏర్పాటు చేసి పరీక్షించారు. 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మామూలు పద్ధతిలో వ్యవధి ప్రకారం స్కాన్లు చేయించుకున్న వారిలో సగం మంది 12 నెలలకు మించి జీవించగా, ఈ ఏర్పాటు ఉన్నవారిలో సగం మంది 19 నెలలకు మించి జీవించారు. మీ నాన్నగారు కంప్యూటర్ ముందు కూర్చోకపోవచ్చు. రోజూ ఒకే వేళకు మీరో, మీ తమ్ముడో ఫోన్ చేసి ‘ఎలా ఉన్నారు’ అని కాకుండా ‘ఈరోజు ఎన్నిసార్లు తిన్నారు, జ్వరం చూసుకున్నారా, మెట్లెక్కితే ఆయాసం నిన్నటికన్నా ఎక్కువగా ఉందా’ అని అడిగి రాసిపెట్టుకుంటే, ఆ పనిలో కొంతైనా జరుగుతుందని నా నమ్మకం. ‘బాగానే ఉన్నాను’ అనే మాటను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. పిల్లలకు భారం కాకూడదనుకునే పెద్దవాళ్లందరూ చెప్పే మాట అది.

జ్వరం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కీమో ఇచ్చాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. ఆ సమయంలో 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వచ్చినా అది అత్యవసర పరిస్థితే. గంటల వ్యవధిలో యాంటీబయాటిక్ పడకపోతే ప్రాణాపాయం ఉంటుంది. ఇంట్లో ఒక్కరే ఉన్న మనిషి రాత్రి జ్వరం బిళ్ల వేసుకుని పడుకుంటే, తెల్లవారేసరికి పరిస్థితి చేయి దాటిపోవచ్చు. నడుం నొప్పితో పాటు కాళ్లు పట్టు తప్పడం, ముఖం, మెడ ఉబ్బడం, దగ్గులో రక్తం పడటం, ఆయాసం హఠాత్తుగా పెరగడం కూడా మర్నాటి దాకా ఆగదగిన లక్షణాలు కావు.

రెండోది ఒంటి సత్తువ. పెద్దవయసు రోగికి ఎంత చికిత్స ఇవ్వవచ్చో నిర్ణయించేటప్పుడు వయసు అంకె కన్నా ఆయన తన పనులు తాను చేసుకోగలుగుతున్నారా, బరువు తగ్గుతున్నారా, తూలి పడుతున్నారా, మతిమరుపు ఉందా, ఇంకా ఏయే మందులు వాడుతున్నారు అన్నవే డాక్టర్లుగా మేం ఎక్కువగా చూస్తాం. ఒక్కడికోసం ఏం వండుకుంటానులే అని పూట పూటా మజ్జిగ అన్నంతో సరిపెట్టుకునే మనిషి బరువు తగ్గుతాడు. అప్పుడు మోతాదు తగ్గించాల్సి వస్తుంది, లేదా కీమో వాయిదా పడుతుంది. గుడ్డు, పప్పు, చేప, ఏది ఇష్టమైతే అది కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు తినిపించే మనిషి ఉంటే ఈ నష్టాన్ని కొంతైనా ఆపవచ్చు. షుగర్ ఉంటే, కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ వల్ల అది రెండు మూడు రోజులు పెరుగుతుంది కాబట్టి చూస్తుండాలి. పెమెట్రెక్సెడ్ అనే మందు ఇస్తున్నట్లయితే ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజూ తప్పకుండా పడాలి.

ఇక ఆయన రానంటున్న విషయం. ‘ఇక్కడే ఉండిపోండి’ అనడం మానేసి, తెల్ల రక్తకణాలు తగ్గే ఆ 7–14 రోజుల లెక్క చెప్పి, ప్రతి కీమో తర్వాత రెండు వారాలు మాత్రమే గాజువాకలో ఉండమని, మూడో వారం ఊరికి వెళ్లవచ్చని అడగండి. ఆ మాట మీ వారు స్వయంగా నరసన్నపేట వెళ్లి అడిగితే మరీ మంచిది, ఎందుకంటే ఆయన బిడియం కూతురి దగ్గర కాదు, అల్లుడి దగ్గర. ఊళ్లో ఉన్న వారంలో రోజూ ఒకసారి వచ్చి చూసి వెళ్లే ఒక మనిషిని, అది పక్కింటివాళ్లయినా చిన్ననాటి స్నేహితుడైనా, పేరు పెట్టి ఒప్పించుకోండి. ఇది అంటువ్యాధి కాదని ఆ మనిషికి, మీ ఇంట్లోని పిల్లలకూ ముందే చెప్పాలి. ఆయన పనులన్నీ మీరే లాగేసుకోకండి. తోడు కాపలాగా మారిందనిపిస్తే ఉపయోగం తగ్గిపోతుంది. ఒకప్పుడు చుట్టో బీడీయో కాల్చి ఉంటే, అందుకే వచ్చిందని ఇంట్లో ఎవరూ అనకూడదు. మన ఉత్తరాంధ్రలో ఈ నింద పడలేక లక్షణాలు దాచుకునేవాళ్లున్నారు. ఇప్పటికీ కాలుస్తుంటే మాత్రం మాన్పించాలి, ఈ దశలోనూ దానివల్ల మేలు ఉంది.

జబ్బు పేరు దాచమనే బంధువుల సలహాతో నేను ఏకీభవించను. తన జబ్బేమిటో తెలియని మనిషి కొత్త నొప్పిని గ్యాస్ అనుకుంటాడు, ఆయాసాన్ని ముసలితనం అనుకుంటాడు. అలాగని ఒక్కసారిగా అన్నీ చెప్పేయనక్కర్లేదు. మీ క్యాన్సర్ డాక్టరు సమక్షంలో ‘మీ జబ్బు గురించి మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది’ అని ఆయన్నే అడిగి, ఆయన కోరినంత మేరకు, అడిగిన వేగంలోనే చెప్పాలి. పిల్లలే చూసుకుంటారని ఆయన అంటే అదీ ఆయన నిర్ణయమే. భార్య పోయిన దుఃఖం, జబ్బు భయం కలిసి నిద్ర, ఆకలి, మాట తగ్గిపోతే దాన్ని డిప్రెషన్‌గా గుర్తించి వైద్యం చేయించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.

పాలియేటివ్ కేర్ (బాధలు తగ్గించే ఉపశమన వైద్యం) అనగానే చివరి రోజులని భయపడవద్దు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై బోస్టన్‌లో జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్సతో పాటు మొదటి నుంచే ఈ సేవ అందినవారిలో డిప్రెషన్ తక్కువగా ఉంది. మామూలు చికిత్స మాత్రమే అందినవారిలో సగం మంది 8.9 నెలలకు మించి జీవిస్తే, వీరిలో సగం మంది 11.6 నెలలకు మించి జీవించారు. నొప్పి, ఆయాసం, కుటుంబం బెంగ, అన్నిటినీ ఈ సేవ అందించేవాళ్లు చూస్తారు. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనైనా, కేజీహెచ్‌లోనైనా, మీరు వెళ్తున్న మరో చోటనైనా ఈ విభాగం ఉందేమో వచ్చే కీమో రోజునే అడగండి. జన్యు మార్పుల పరీక్ష (ఈజీఎఫ్ఆర్ వంటివి) చేశారో లేదో కూడా అప్పుడే తెలుసుకోండి, ఎందుకంటే కొందరికి సెలైన్ కీమోకు బదులు మాత్రలతో చికిత్స సాధ్యమవుతుంది. పెద్దవాళ్లకు అది పెద్ద ఊరట.

మీ తమ్ముడు దూరంలో ఉన్నా చేయగల పని చాలా ఉంది. రిపోర్టులన్నీ ఒకచోట ఉంచడం, డాక్టరుతో మాట్లాడే బాధ్యత తీసుకోవడం, ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏమేం వర్తిస్తాయో కనుక్కోవడం, 70 ఏళ్లు దాటినవారికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వర్తించే ఆయుష్మాన్ కార్డు తీయించడం, క్యాన్సర్ రోగికి, వెంట వచ్చే మనిషికి రైల్వే ఇచ్చే రాయితీ ఫారం ఆసుపత్రిలో నింపించడం తమ్ముడికి అప్పగించండి. మూడు నాలుగు కీమోలకోసారైనా తమ్ముడు సెలవు పెట్టి వచ్చి ఆ రెండు వారాలూ నాన్నగారి దగ్గర ఉంటే మీకు నిద్ర, విశ్రాంతి దొరుకుతాయి. వీలైతే వచ్చే కీమో తేదీ తెలియగానే ఆ సెలవు ఖరారు చేసుకోమనండి.