నల్ల కారును తుడవకండి, కడగండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: కిందటి దసరాకు నల్లరంగు కారు కొన్నాము. అపార్ట్‌మెంట్ సెల్లారులోనే ఉంచుతాము. వాచ్‌మన్ వాళ్ల అబ్బాయి రోజూ పొద్దున్నే తడిగుడ్డతో శుభ్రంగా తుడుస్తాడు. అయినా ఈ మధ్య బీచ్ రోడ్డులో ఎండలో ఆపినప్పుడు చూస్తే, బోనెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నని గుండ్రటి గీతలు కనిపించాయి. ఇవి ఎందుకు పడ్డాయి? కారును ఎలా కడిగితే మళ్లీ పడకుండా ఉంటాయి?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: కారణం మీ ఉత్తరంలోనే ఉంది. రోజూ తుడవడం వల్లనే ఆ గీతలు పడ్డాయి. ఆ అబ్బాయి శ్రద్ధను తప్పుపట్టవలసిన పని లేదు; ఆ పద్ధతే పెయింటుకు సరిపడదు. రాత్రికి రాత్రి కారు మీద పేరుకునే ధూళిలో కంటికి కనిపించని ఇసుక రేణువులు ఉంటాయి. పిండిన తడిగుడ్డ ఆ రేణువులను ఎత్తి తీసుకుపోదు సరికదా, వాటిని పెయింటుకు అదిమిపట్టి ఈ చివర నుంచి ఆ చివరకు ఈడుస్తుంది. ఒకే బకెట్టు నీళ్లతో, ఒకే గుడ్డతో వరసగా నాలుగైదు కార్లు తుడిచే అలవాటు మన అపార్ట్‌మెంట్లలో ఉన్నది కాబట్టి, మీ కారు వంతు వచ్చేసరికి ఆ గుడ్డలో ముందు కార్ల మట్టి కూడా చేరి ఉంటుంది.

కారు రంగు మీద మెరుపు కోసం, రక్షణ కోసం పారదర్శకమైన క్లియర్ కోట్ అనే పొర వేస్తారు. దాని మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే, అంటే మన తలవెంట్రుక మందం కన్నా తక్కువ. గీతలన్నీ ఈ పొర మీదే పడతాయి. తెల్ల కారు మీద కూడా ఇవే గీతలు పడతాయి గానీ, వాటి అంచుల నుంచి చెదిరిన వెలుతురు తెలుపులో కలిసిపోతుంది. నలుపు మీద అదే వెలుతురు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గుండ్రంగా తుడవబట్టి అవి గుండ్రంగా పడ్డాయని చాలామంది అనుకుంటారు. నిజానికి గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి, వెలుతురుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి. రాత్రిపూట ఫోను టార్చి వెలిగించి బోనెట్ మీద అటూ ఇటూ జరిపి చూడండి, ఆ గుండ్రటి వల కూడా టార్చితోపాటే జరుగుతుంది.

కాబట్టి మొదట చేయవలసింది రోజువారీ తుడుపును మాన్పించడం. ఆ అబ్బాయికి ఇచ్చే నెల డబ్బులు తగ్గించకుండా, అద్దాలు, లోపలి మ్యాట్లు, చక్రాలు మాత్రమే చూసుకోమని చెప్పండి. కారు మీద రెండు మూడు రోజుల దుమ్ము ఉన్నంతమాత్రాన పెయింటుకు నష్టం లేదు, పొడిగా ఉన్న ఆ దుమ్మును ముట్టుకుంటేనే నష్టం. ఈకల డస్టరు కూడా ఇందుకు మినహాయింపు కాదు.

ఇక కడిగే పద్ధతి. వారానికో పది రోజులకో ఒకసారి, ఎండ ఎక్కకముందు, బోనెట్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. నల్లరంగు వేడిని త్వరగా పీల్చుకుంటుంది కాబట్టి ఎండలో కడిగితే నీళ్లూ షాంపూ అక్కడికక్కడే ఆరిపోయి మరకలవుతాయి. చేత్తో ముట్టుకోకముందే పైకప్పు నుంచి కిందికి ధారాళంగా నీళ్లు పట్టించాలి. విశాఖలో సముద్రపు గాలి తెచ్చే ఉప్పు నీళ్లలో కరిగిపోతుంది, ఇసుక కరగదు. దాన్ని నీటి ధారతోనే దొర్లించి పంపాలి. ఈ ఒక్క పనికి పెట్టే ఐదు నిమిషాలే గీతలను అన్నిటికన్నా ఎక్కువగా ఆపుతాయి కాబట్టి ఇక్కడ తొందరపడవద్దు. ప్రెషర్ వాషర్ ఉంటే మంచిదే, కానీ దాని మూతిని పెయింటుకు అడుగు దూరం లోపలికి తేవద్దు.

తరువాత రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీళ్లు, మరొకదానిలో మంచినీళ్లు. మైక్రోఫైబర్ వాష్ మిట్‌ను (చేతికి వేసుకునే మెత్తటి తొడుగు) షాంపూలో ముంచి, పైకప్పు, బోనెట్, డోర్ల పైభాగం, చివరగా డోర్ల కిందిభాగం అనే వరసలో, బరువు వేయకుండా తిన్నని గీతల్లో నడపాలి. ఒక్కో భాగం కాగానే మిట్‌ను ముందు మంచినీళ్లలో జాడించి, పిండి, ఆ తరువాతే మళ్లీ షాంపూలో ముంచాలి. పని పూర్తయ్యాక మంచినీళ్ల బకెట్టు అడుగున చేయిపెట్టి చూడండి. వేళ్లకు తగిలే ఆ గరుకు ఇసుక ఒకే బకెట్టు వాడి ఉంటే మీ కారు మీదే తిరిగేది. చక్రాలకు వేరే గుడ్డ, వేరే బకెట్టు ఉండాలి. గిన్నెలు తోమే సబ్బు, బట్టల సబ్బుపొడి వాడవద్దు. అవి పెయింటు మీది వ్యాక్స్‌ను తీసేస్తాయి.

ఆరబెట్టే దగ్గర కూడా జాగ్రత్త అవసరం. పాత బనియన్లు, నూలు తువ్వాళ్లు పక్కన పెట్టి, మందంగా, మెత్తగా ఉన్న పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలును తడి మీద పరిచి నెమ్మదిగా లాగండి. అది నేల మీద పడితే ఉతికేవరకు మళ్లీ కారుకు తగలనివ్వకండి. మీ భవనంలో బోరు నీళ్లే వస్తుంటే, చివరి జాడింపుకైనా మునిసిపల్ కుళాయి నీళ్లు రెండు బకెట్లు పట్టి ఉంచుకోండి. బోరు నీటిలోని సున్నపు లవణాలు ఆరితే నలుపు మీద తెల్లటి వలయాలు నిలిచిపోతాయి.

ఇప్పటికే పడిన గీతల సంగతి: వేలిగోరు అడ్డంగా జరిపినప్పుడు గోరుకు తగలకపోతే, అనుభవమున్న డిటైలర్ (కార్లకు పాలిష్ పనులు చేసే నిపుణుడు) చేత ఒకసారి మెషిన్ పాలిష్ చేయిస్తే చాలావరకు పోతాయి. అయితే పాలిష్ అంటే క్లియర్ కోట్‌ను కొన్ని మైక్రాన్ల మేర అరగదీయడమే కాబట్టి ఏటేటా చేయించే పని కాదు. ముందు తుడుపు మాన్పించి, తరువాతే పాలిష్ చేయించండి. లేకపోతే రెండు నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న: మా ఇల్లు కంచరపాలెంలో. కారు ఎంత బాగా కడిగినా చేత్తో తడిమితే గరుకుగా తగులుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: పోర్టుకు, రైల్వే లైన్లకు దగ్గరగా ఉండే పేటల్లో ఇది సాధారణం. గాలిలో వచ్చే సన్నని ఇనుప రేణువులు క్లియర్ కోట్‌లో గుచ్చుకుని అక్కడే తుప్పు పడతాయి. షాంపూ వాటిని కదిలించలేదు. కడిగిన తరువాత చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడుక్కుని తడిమితే ఎక్కడెక్కడ ఉన్నాయో స్పష్టంగా తెలుస్తుంది. ఐరన్ రిమూవర్ అనే ద్రావణాన్ని నీడలో చల్లితే అది ఇనుముతో కలిసిన చోట ఊదారంగుకు మారుతుంది. డబ్బా మీద రాసిన వ్యవధి మించకుండా, ఆరనివ్వకుండా కడిగేయాలి. అప్పటికీ గరుకు పోకపోతేనే క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద) వాడండి, అదీ లూబ్రికెంట్ (ముద్ద జారడానికి వాడే ద్రవం) ధారాళంగా చల్లి. క్లే కూడా నల్ల పెయింటు మీద పల్చటి గీతలు వేయగలదు కనుక ఏడాదికి ఒకటి రెండు సార్లకు మించవద్దు.

ప్రశ్న: సముద్రానికి దగ్గరగా, ఆరుబయటే కారు నిలుపుతాము. కవరు కప్పితే మంచిదా?
– ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: దుమ్ము పట్టిన కారు మీద కవరు కప్పడం మంచిది కాదు. గాలికి కవరు రెపరెపలాడిన ప్రతిసారీ లోపలి ఇసుక పెయింటును రాస్తుంది, మీ దగ్గర గాలి ఎప్పుడూ ఉండేదే. కారును నెలల తరబడి తీయకపోతే, కడిగి పూర్తిగా ఆరబెట్టిన తరువాత, లోపలివైపు మెత్తగా ఉండి కింద బిగించుకునే పట్టీలున్న కవరును కప్పవచ్చు. రోజూ నడిపే కారుకు మాత్రం రేకుల షెడ్డు నీడ, రెండు మూడు నెలలకోసారి వ్యాక్స్ చాలు. పక్షుల రెట్ట పడితే ఎండకు మాడనివ్వకండి. నీళ్లలో నానబెట్టిన గుడ్డను దాని మీద ఐదు నిమిషాలు ఉంచి, మెత్తబడ్డాక రుద్దకుండా పైకి ఎత్తేయండి.