ముసలివాళ్ల తాగుడు మీద పరిశోధనా? డేటా సైన్సే నయం కదా?

కావలి నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి సైకాలజీతో డిగ్రీ చేసింది. వయసు మళ్లినవాళ్లలో తాగుడు, మత్తుమందుల మీద పరిశోధన చేస్తానంటోంది. నేను డేటా సైన్స్ అంటున్నాను. ఏది మేలు? మా నాన్నగారిని చూసే ఈ పిచ్చి పట్టిందేమో."

సార్, ఆ ఆఖరి మాటే మీ అసలు ప్రశ్న. ఉద్యోగం సంగతి తర్వాత, ఇంటి గుట్టు బయటపడుతుందని మీ టెన్షన్. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలానే వస్తాయి.

పెద్దాయన ఎప్పుడూ తాగే క్వార్టరే కదా అని ఊరుకుంటాం. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీరు తగ్గుతుంది, అదే క్వార్టర్ ఇంకా గట్టిగా ఎక్కుతుంది, పైగా బీపీ మాత్ర, నిద్రమాత్ర ఉండనే ఉన్నాయి. బాత్రూంలో పడితే కాలు జారిందంటాం, మాట తడబడితే మతిమరుపంటాం. అడగడానికి డాక్టర్లకూ మొహమాటమే. కొందరు భార్య పోయాకో రిటైరయ్యాకో కొత్తగా మొదలుపెడతారు. తాగుడు అలవాటు పట్టుకోవడానికి మామూలుగా అడిగే ప్రశ్నలు వీళ్లకు పనికిరావు: తాగి డ్యూటీ ఎగ్గొట్టారా అని రిటైరైన మనిషిని అడిగి ఏం లాభం? అందుకే అమెరికాలో మిషిగన్‌లో పెద్దవాళ్ల కోసం విడిగా ప్రశ్నలు తయారుచేశారు. మన పెద్దవాళ్లను మన మాటల్లో అడిగేవాళ్లు కావాలి. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన నెల్లూరు జిల్లా మనది, అప్పట్లో సారాకొట్ల దగ్గర కూర్చున్న కుర్రాళ్లు ఇప్పుడు అరవై దాటినవాళ్లే.

డేటా సైన్స్ మీద నాకు కోపం లేదు, ఆరునెలల కోర్సుల మీదే. చేరేదాకా రోజూ ఫోన్ చేస్తారు, డబ్బు కట్టాక మనం చేసినా ఎత్తరు. అప్పు చేసి చేరిన ఒంగోలు కుర్రాడొకడు ఇప్పుడు మొబైల్ షాపులో ఉన్నాడు. లెక్కల మీద ఇష్టం లేని పిల్లను తోస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఆ మాటకొస్తే ఈ పరిశోధనలోనూ లెక్కలు తప్పవు. 45 దాటిన 70 వేల మందికి పైగా మనుషులను అడిగి చేసిన లాసి అనే దేశవ్యాప్త వృద్ధాప్య సర్వే (మొదటి విడత 2017-18) వివరాలు ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ దగ్గర దరఖాస్తు పెట్టి తీసుకోవచ్చు. అందులో తాగుడు ప్రశ్నలూ ఉన్నాయి. నేర్చుకోవాలంటే అంతకంటే మంచి డేటా ఏముంది?

దారి తేలికేం కాదు. సైకాలజీలో పీజీ గానీ ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) గానీ చేయాలి, యూజీసీ వాళ్ల నెట్ పరీక్ష రాయాలి. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదట్లో నెలకు 37,000. రాకపోతే ప్రాజెక్టు ఉద్యోగాలు, అవి ఏడాదికో రెండేళ్లకో అయిపోతాయి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో, ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ల ఘజియాబాద్ కేంద్రంలో వ్యసనాల మీద పరిశోధన గట్టిగా సాగుతోంది, పోటీ కూడా అంతే గట్టిది.

అమ్మాయికీ ఒక మాట: తాతయ్యను మాన్పించడానికైతే పీహెచ్‌డీ అక్కర్లేదు. ఆ పని మీ నాన్నది. సార్, మీరే ఆయన్ను సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి, రోజూ వేసుకునే మాత్రలన్నీ సంచిలో వేసుకుని మరీ. ఈలోగా సీసా మాత్రం దాచిపెట్టకండి. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు.